నడిమి చదరం

దోహాలో ఎనిమిదేళ్ళు కాపురం చేసినా గంగాప్రసాద్‌కి వచ్చిన అరబ్బీ మాటలు ఒక చేతి వేళ్ళను దాటలేదని అతని భార్య అరుంధతి నమ్మకం. ఉన్న ఆ నాలుగైదు మాటలూ, చుట్టాలొచ్చినప్పుడు బీరువాలోంచి తీసే గాజు గ్లాసుల్లా, ఎవరైనా పెద్దవాళ్ళు వస్తేనే బయటికొస్తాయి. ఆ శనివారం సాయంత్రం వాటిలో రెండు మాటలు బయటికొచ్చి ఆమె ఆరేళ్ళ పనిని పట్టుకుపోయాయి.

వచ్చినవాళ్ళు గంగాప్రసాద్ మేనేజరు, ఆయన భార్య నాదియా. జోర్డాన్ వాళ్ళు. లుసైల్ ఆఫీసులో రోజూ చూసే మనిషే అయినా, పైఅధికారి ఇంటికి భోజనానికి రావడం ఇదే మొదలు. మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాని ఆరు వాటాలు చేసి అద్దెకిస్తే అందులో వీళ్ళది వెనక వాటా. అందుకని మధ్యాహ్నమంతా ఇల్లు ఉన్నదానికన్నా పెద్దగా కనబడేలా సర్దడంతోనే సరిపోయింది. సోఫా గోడకి ఆనించారు. బట్టలు ఆరేసే స్టాండు బాత్రూములోకి వెళ్ళింది. ఆఖర్న గంగాప్రసాద్ అల్మరా తెరిచి, మడతపెట్టి ఉన్న లేసు గుడ్డ తీసి భోజనాల బల్ల మీద పరిచాడు.

"అదెందుకండీ? కూర ఒలుకుతుంది," అంది అరుంధతి వంటింట్లోంచి.

"వడ్డించే ముందు తీసేద్దువుగాని. బల్ల నిండా గీతలున్నాయి."

నరసాపురం వైపు ఆడవాళ్ళు వీధి గుమ్మాల్లో కూచుని అల్లే లేసు అది. తెల్లటి నూలుదారం, చివర కొక్కెం ఉన్న సన్నటి సూది, అంతకుమించి సరంజామా ఏమీ లేదు. నడుమ జానెడు చదరం, అందులో ఎనిమిది రేకుల పువ్వు. ఆ చదరం చుట్టూ వరుస మీద వరుసగా పెరిగి, ఇప్పుడది ఆరుగురు కూచునే బల్లని కప్పి అంచులు కిందికి వేలాడేంత అయింది. చూసినవాళ్ళు టేబుల్ క్లాత్ అంటారు. నడుమనున్న చదరం మాత్రం ఆరేళ్ళ కిందట పుట్టబోయే పాప కోసం మొదలుపెట్టింది. పాప ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. ఇంటికి తిరిగొచ్చిన అరుంధతి ఆ చదరాన్ని ముగించకుండా చుట్టూ అల్లుతూ పోయింది. పాపకి పేరు పెట్టలేదు కాబట్టి ఆ సంగతి మాట్లాడుకోవడానికి ఆ ఇంట్లో మాట కూడా లేదు.

నాదియా గుడ్డ అంచుని వేళ్ళతో ఎత్తి చూసింది. "మాషా అల్లా! చేత్తో చేసిందా? నువ్వేనా చేసింది?"

అరుంధతి నోరు తెరిచేలోగా గంగాప్రసాద్, "తఫద్దలీ," అన్నాడు.

రండి, కూర్చోండి, తినండి, తీసుకోండి. అన్నిటికీ అక్కడ ఆ ఒక్కమాటే. ఇంట్లో వస్తువుని ఎవరైనా మెచ్చుకుంటే అలా అనడం ఇంటివాళ్ళ మర్యాద. వద్దనడం వచ్చినవాళ్ళ మర్యాద. నాదియా గుండె మీద చెయ్యి పెట్టుకుని, "లా, లా. ఇది నీ ఇంట్లోనే అందంగా ఉంది," అంది. అక్కడితో ఇద్దరి మర్యాదా తీరిపోవాలి. కానీ మన వైపు మొదటిసారి వద్దన్నవాళ్ళు వద్దన్నట్టు కాదు కదా. విస్తట్లో చెయ్యి అడ్డుపెట్టినా వేళ్ళ సందులోంచి ఇంకో గారె పడాల్సిందే.

"ఫర్వాలేదండీ, తీసుకోండి. మా ఆవిడ మళ్ళీ అల్లుకుంటుంది. రోజంతా ఖాళీయే," అన్నాడు గంగాప్రసాద్ ఇంగ్లీషులో.

నాదియా మళ్ళీ వద్దంది.

"వల్లా, మీరు తీసుకోవాలి."

వల్లా అంటే దేవుడి మీద ఒట్టు. ఆ మాట వినగానే మేనేజరు నోటి దాకా తీసుకెళ్ళిన పకోడీ ప్లేటులో పెట్టేశాడు. నాదియా మొగుడి వైపు చూసింది. ఆయన కనుబొమలు ఎత్తి దించాడు. ఒట్టు పడ్డాక కాదంటే ఇంటాయన్ని అవమానించినట్టు. "షుక్రన్," అంది నాదియా. థాంక్స్ చెప్పిన ఆ మొహంలో సంతోషం లేదు. హోటల్లో పక్కబల్ల వాళ్ళ బిల్లు తన ముందుకొచ్చినట్టుంది.

అప్పుడైనా ఒక మాట అనొచ్చు. అరుంధతి గుడ్డని నాలుగు మడతలు, తర్వాత ఎనిమిది మడతలు వేసింది. నడిమి చదరం లోపలికొచ్చేలా వేసింది. సూపర్ మార్కెట్ సంచీల్లో కాస్త కొత్తగా ఉన్నది ఏరి అందులో పెట్టింది. "కొంచెం పులిహోర వేసుకుంటారా?" అని అడిగింది.

వాళ్ళు వెళ్ళాక గంగాప్రసాద్ గ్లాసులు కడగడానికి పూనుకున్నాడు. పెళ్ళయ్యాక అతను గ్లాసు కడగడం ఆమె చూడలేదు.

"వల్లా అంటే ఏంటో తెలుసా మీకు?"

"అందరూ అంటారుగా, మాటకి ముందో వెనకో. నిజంగా అని."

"ఒట్టు అని."

"ఓహో," అన్నాడు. కడిగిన గ్లాసునే మళ్ళీ సబ్బు రాసి కడిగాడు.

సోమవారం నాదియా వాళ్ళ డ్రైవరు ఒక వెండిరంగు పళ్ళెం తెచ్చిచ్చాడు. దాని నిండా గోపురంలా పేర్చిన చాక్లెట్లు, పైన పట్టు రిబ్బను. ఇచ్చినదానికి బదులుగా అంతకన్నా ఘనంగా ఇవ్వకపోతే వాళ్ళకి నిద్రపట్టదు. పళ్ళెం బల్ల మీద పెడితే గీతలు మళ్ళీ కనబడ్డాయి.

పక్కవాటా ప్రమీల వాసన పట్టినట్టు వచ్చింది. ఆర్మూరు దగ్గర పల్లె వాళ్ళది. మనిషి వచ్చే ముందు మాట వస్తుంది.

"గిదేంది వదినా, గింత పెద్ద పళ్ళెం! పిల్ల పెండ్లికి సారె వచ్చినట్టున్నది." ఒకటి నోట్లో వేసుకుంది. "పిస్తా. మంచి మాల్."

సంగతి వినేసరికి నమలడం ఆపింది. "ఏంది? నీ లేసు గుడ్డ ఇచ్చిండా అన్న? గీ బిళ్ళలకా?"

"బిళ్ళలు తర్వాత వచ్చాయి. ముందు ఊరికే ఇచ్చారు."

"గిది మా అత్తకు చెప్తె నవ్వుతది. దుబాయ్ పోయి గిదే నేర్సుకున్నరా అంటది. ఆమెకు గల్ఫంత దుబాయే. నేనెప్పటి సంది చెప్తున్న నీకు, స్టాల్ పెట్టు, ధర కట్టు అని. ధర లేని సామాను గిట్లనే పోతది."

అదొక్కటి మాత్రం నిజమే అనిపించింది అరుంధతికి. ధర కట్టాలని ఒకసారి కూచుంది కూడా. దారం ఖరీదు తేలింది. మిగతాది ఎలా వెయ్యాలో తేలలేదు. నరసాపురంలో ఏజెంటు దారం తూచి ఇచ్చి, లేసు తూచి తీసుకునేవాడు. పువ్వుకి బరువుండదు కాబట్టి పువ్వుకి డబ్బుండేది కాదు. ఆరేళ్ళలో ఇంటికొచ్చిన తెలుగువాళ్ళంతా ఆ గుడ్డని చూసి అడిగింది ఒకటే: "ఎంత పడింది?" ఇంట్లోనే చేశానంటే, "అయితే ఏం పడలేదన్నమాట," అనేవాళ్ళు.

"అన్న గంత అమాయకుడేం గాదు వదినా," అంది ప్రమీల రెండోది విప్పుతూ. "ప్రమోషన్ లిస్టు రావాలె గద గీ నెల? మా ఆయన చెప్పిండు. మేనేజర్ పెండ్లాం చెయ్యి తడిపిండు, అంతే. నువ్వు ఒట్టు గిట్టు అని అర్థాలు ఎతుక్కుంటున్నవ్."

అప్పటిదాకా అరుంధతికి అది తట్టలేదు. తట్టాక వదల్లేదు. ఆ సాయంత్రం గంగాప్రసాద్ ఇంటికొచ్చి చాక్లెట్లు చూసి, "భలే పంపారే," అన్నాడు. ఒక్కటీ తినలేదు. ఆమె టీ ఇచ్చింది, చక్కెర వెయ్యకుండా. అతను చుక్క మిగల్చకుండా తాగేశాడు. అది ఇంకా ఒళ్ళు మండించింది.

మర్నాడు పొద్దున బకాలా కొట్లో పెరుగు డబ్బాల దగ్గర ఖాసింబీ కనబడింది. నాదియా ఇంట్లో పనిచేసే మనిషి, రాయచోటి వైపు. తెలుగు వినబడితే చాలు, బకాలా అయినా ఆగిపోతుంది.

"అక్కా, మీరేనంట గదా ఆ గుడ్డ ఇచ్చినోళ్ళు! మా మేడమ్ దాన్ని చూసి జడుసుకుంటా ఉండాది."

"జడుసుకోవడమేంటమ్మా?"

"దేని మిందా పరచదు. నన్ను ముట్టుకోనీదు. 'ఇంత పెద్దది ఎందుకిచ్చినారు ఖాసింబీ, నేనేం చేయాల దీన్ని' అంటాది. ఆ సారు ఒట్టు పెట్టినాడంట గదా, ఎనక్కి ఇస్తే పాపమంట. ఆయమ్మ చెల్లెలు ఆదివారం అమ్మాన్‌కు పోతా ఉండాది. ఆమె చేతికిచ్చి పంపిచ్చేస్తాదంట. పీడ వదిలిపోతాది అని."

అరుంధతి పెరుగు డబ్బా మీద తారీఖు చదువుతున్నట్టు నిలబడింది. ఎవరికీ అక్కర్లేని వస్తువు మర్యాద కొద్దీ చేతులు మారుతోంది. అక్కర ఉన్న మనిషి పెరుగు కొంటోంది.

"ఏమక్కా, అట్ల అయినారు?"

"ఏం లేదమ్మా. మీ మేడమ్ రేపు ఇంట్లో ఉంటుందా?"

బుధవారం పొద్దున్నే ఎండ గోడల్లోంచి వస్తోంది. నాదియా ఇంటి ముందు ట్యాక్సీ దిగేసరికి అరుంధతి కళ్ళద్దాలు ఆవిరి పట్టాయి. తుడుచుకుంటూ, ఆడబోయే అబద్ధాన్ని ఇంకోసారి మనసులో చదువుకుంది. బీఏలో ఇంగ్లీషు లిటరేచరు చదివింది దీనికే కాబోలు.

ఖాసింబీ కాఫీ, ఖర్జూరాలు పెట్టి తలుపు పక్కన నిలబడింది. అరుంధతి ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది. "ఆ గుడ్డలో నడుమ ఒక కుట్టు వదిలేశాను. అలాగే ఉంచితే జారిపోతుంది. ఒకసారి ఇస్తే సరిచేసి శనివారానికల్లా తెచ్చిస్తాను."

నాదియా గబుక్కున లేచి లోపలికెళ్ళి అదే సూపర్ మార్కెట్ సంచీతో వచ్చింది. గుడ్డ వేసిన మడత వేసినట్టే ఉంది. విప్పను కూడా లేదు. సంచీ ఇవ్వబోతూ ఆగింది. ఆమెకి నలభై దాటి ఉంటాయి. ఎదుటి మనిషి మొహం చూసి మాట్లాడే రకం.

"అరుంధతీ, నీకిది చాలా ఇష్టమైతే నీ దగ్గరే ఉంచుకో. నిజంగా చెప్తున్నాను."

"అయ్యో, లేదు లేదు. ఇది మీది," అంది అరుంధతి.

ఎలా వచ్చిందో తెలీదు ఆ మాట. మొదటిసారి వద్దనాలి కాబట్టి వచ్చింది. అమ్మ కడుపులోంచే నేర్చుకునొచ్చిన వద్దు అది. అని, కాఫీ కప్పు చేత్తో పట్టుకుని, రెండోసారి అడిగితే 'సరే, మీరింతగా అంటున్నారు కాబట్టి' అని తీసుకోవడానికి సిద్ధంగా కూచుంది.

నాదియా రెండోసారి అడగలేదు. ఒట్టు పెట్టిన ఇంటావిడ కూడా వద్దన్నాక ఇంకెలా అడుగుతుంది? "అల్లా నిన్ను చల్లగా చూడాలి," అని సంచీ చేతికిచ్చింది. శనివారం డ్రైవర్ని పంపుతానంది.

గుమ్మం దగ్గర ఖాసింబీ చెప్పులు అందిస్తూ, "అంత మంచిగా ఇస్తానంటే తీసుకోకపోతిరి గదక్కా," అని గొణిగింది.

"ఇంకోసారి అడుగుతుందనుకున్నానే," అంది అరుంధతి.

ఇద్దరికీ నవ్వొచ్చింది. ట్యాక్సీలో కూచున్నాక అరుంధతికి నవ్వు ఆగింది. తర్వాత డ్రైవరు అద్దంలోంచి ఆమె కళ్ళు చూసి ఏసీ పెంచాడు.

గుడ్డ మొత్తం దక్కదని తేలిపోయింది. నడిమి చదరం ఒక్కటి చాలనుకుంది. దాన్ని విడదీసి దాచుకుని, అదే కొలతకి కొత్త చదరం అల్లి ఆ చోట్లో అతికిస్తే నాదియాకి తేడా తెలీదు. మంచి ఆలోచనే. కానీ గురువారం సాయంత్రం దాకా ఆమె కొత్త చదరం అల్లుతూనే ఉంది గాని పాతదాన్ని ముట్టుకోలేదు. ఆ రెండు రోజులూ గంగాప్రసాద్ గుడ్డ మళ్ళీ ఇంటికొచ్చిందని చూశాడు. ఏంటని అడగలేదు. టీవీ ముందు కూచుని, టీవీ పెట్టడం మర్చిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె గుడ్డని బల్ల మీద పరిచింది. కిటికీలోంచి పడ్డ ఎండలో లేసు నీడ బల్ల గీతల మీద ఇంకో లేసులా పడింది. చదరం చుట్టూ ఉన్న మొదటి వరుసలో ఒక పోగు ఎంచుకుని చిన్న కత్తెరతో కత్తిరించింది. సూది మొనతో ఆ పోగుని కుట్టు కుట్టుకీ వెనక్కి లాగుతూ, వదులైన ఉచ్చులు జారకుండా వాటిలోంచి ఎర్రదారం దూర్చుకుంటూ వెళ్ళింది. ఒక వైపు విడింది. మూల తిరిగింది. రెండో వైపు విడింది. అలా నాలుగు వైపులా తిరిగి వచ్చేసరికి చదరం ఆమె చేతిలోకొచ్చింది. గుడ్డ నడుమ బల్ల కనబడింది.

"కోసేశావా?"

గంగాప్రసాద్ వెనక నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచో తెలీదు.

"కొయ్యలేదు. విడదీశాను. మిగతాది మీ మేనేజరుగారి ఆవిడకే ఇస్తాలెండి. మీ ప్రమోషన్‌కేం ఢోకా లేదు."

"ప్రమోషనా?"

"మరెందుకిచ్చారు?"

అతను కుర్చీ లాక్కుని కూచున్నాడు. బల్ల మీద కొత్త చదరం సగంలో ఉంది, చివరి కుట్టులో సూది దిగబడి. అతను దాని వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"వల్లా అంటే ఏంటో నాకు తెలుసు. ఎనిమిదేళ్ళయింది వచ్చి. తెలీకుండా ఎలా ఉంటుంది?"

అరుంధతి చేతిలో ఎర్రదారం ఆగింది.

"ఆవిడ మొదటిసారి వద్దంది, రెండోసారీ వద్దంది. మూడోసారి కూడా వద్దంటుందేమోనని ఒట్టేశాను. టేబుల్ మీద పరిచింది కూడా అందుకే. ఎవరైనా చూసి బాగుందంటే ఇచ్చేద్దామని."

"అదేదో నన్నే అడగొచ్చుగా!"

"అడగలేకే." అరచేతులతో మోకాళ్ళు రుద్దుకున్నాడు. "ప్రతి ఏడూ కొంచెం పెద్దదవుతోంది అరుంధతీ. మొదటి ఏడు ఒళ్ళో పట్టేది. తర్వాత మంచం మీద పరిచి అల్లావు. పోయిన ఏడు నేల మీద కూచుని అల్లావు. అల్మరా తెరిచినప్పుడల్లా, ఎంత పెరిగిందో అనుకునేవాణ్ణి. అది ఒక్కటే పెరిగింది ఈ ఇంట్లో."

బయట ఎవరో కారు తీస్తున్నారు. ఆ చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళి పోయింది.

"ఆ రోజు," అన్నాడు. ఆ రెండు మాటలూ ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. "వార్డులో నిన్ను లేపొద్దన్నారు. పాపని తీసుకెళ్ళడానికి నేనొక్కణ్ణే. ఆసుపత్రి వాళ్ళు పచ్చగుడ్డ చుట్టిచ్చారు. మీరేమైనా కప్పుతారా అని నర్సు అడిగింది. ఇంటికొచ్చాను, ఇది తీసుకెళ్దామని. దిండు పక్కన ఉంది, నువ్వు ఎక్కడ ఆపావో అక్కడే. సూది దాంట్లోనే ఉంది."

ఆమె ఎర్రదారం కొసని వేలికి చుట్టుకుంది.

"సూదితో ఎలా కప్పను? తీస్తే ఊడిపోతుందేమో. నువ్వు లేచి అడిగితే ఏం చెప్పను? చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వాళ్ళు ఫోన్ చేస్తున్నారు. వదిలేసి వెళ్ళిపోయాను. ఆ పచ్చగుడ్డతోనే..." బల్ల మీది గీతని గోటితో గీకాడు. "సూది తీసేసుంటే ఊడిపోయేదా?"

అరుంధతి కొత్త చదరాన్ని దగ్గరికి లాక్కుంది. సూదిని కుట్టులోంచి బయటికి తీసి పక్కన పెట్టింది. సూది వదిలిన చోట ఒక్క ఉచ్చు, నువ్వుగింజంత, నిలబడి ఉంది. దారం కొసని అందులోంచి దూర్చి లాగితే అదీ బిగుసుకుంటుంది. పువ్వు రేకులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సూది తీసినంత మాత్రాన ఊడదన్నది లేసు అల్లే ఏ ఇంట్లోనైనా ఐదేళ్ళ పిల్లకి తెలిసిన సంగతి. అతను దానివైపు చూడటం లేదు. ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

"ఊడిపోయేదండీ," అంది. "ఒక్క వరుస కూడా మిగిలేది కాదు. తియ్యకపోవడమే మంచిదైంది."

గంగాప్రసాద్ తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. ఆమె పాత చదరాన్ని ఆ చేతిలో పెట్టింది. అరచేయి దాటి మణికట్టు దాకా వచ్చింది, అంతే.

"ఇంతేనా?"

"ఇంతే."

రెండో చేత్తో దాన్ని సరిచేయబోయి ఆగి, "ఏ వైపు పైకి?" అని అడిగాడు.

ఆమె దాన్ని తిప్పి, పువ్వు పైకొచ్చేలా అతని చేతిలో పెట్టింది.